ఆర్నెల్ల తర్వాతి ధర



మా చాగలమర్రి దగ్గర 40వ నంబరు జాతీయ రహదారి మీద టోల్‌గేటు ఉంది. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ దాటి వచ్చిన లారీ ఏదైనా అక్కడ కాసేపు ఆగి, మైదుకూరు మీదుగా కడపకు పోవాల్సిందే. సాయంత్రం పూట ఆ పక్కన టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఎన్ని రకాల సరుకో కంటపడుతుంది. పత్తి బేళ్లు, సిమెంటు, పసుపు బస్తాలు, తిరుపతి వైపు నుంచి వచ్చే బ్యాటరీలు, హైదరాబాదు నుంచి దిగే మందుల పెట్టెలు. ఏ సరుకైనా లారీ ఎక్కిన రోజు ధర ఒకటి, డబ్బు చేతికందే రోజు ధర ఇంకొకటి.

అదే టీ కొట్టు దగ్గర మొన్నీమధ్య, నాకు వరసకు పెదనాయన అయ్యే పెద్దాయన ఒక మాట అడిగాడు. "ఏమబ్బీ, కాలేజీలో వ్యాపారం లెక్కలు చెప్పినోనివి గదా నువ్వు. పెద్ద పెద్ద కంపెనీలు గూడ డాలరు మీద పందేలు కాస్తాయంట. మనోళ్లు మట్కా ఆడితే పోలీసులు పట్టకపోతారు. వాళ్లు ఆడితే మాత్రం వ్యాపారమా?"

ముప్పై ఏళ్లు కామర్స్ పాఠం చెప్పిన నేను ఆ పూట ఆయనకు సరైన జవాబు ఇవ్వలేకపోయాను. పాఠంలోని మాటలు నోటికొచ్చాయి గానీ అవి ఆయనకు అక్కరకు రావని తెలుస్తూనే ఉంది. ఆ జవాబే ఈ పూట రేడియోలో మీ అందరికీ చెబుతాను.

ముందు మా ఇంటి సంగతి. మా నాయన నల్లరేగడిలో పప్పుశనగ వేసేవాడు. మా అక్క పెండ్లి కుదిరిన ఏడు, పంట ఇంకా కాయ పట్టే దశలో ఉండగానే ఒక వ్యాపారితో బేరం చేసుకున్నాడు. కళ్లం అయిన రోజు ఇంత సరుకు ఇస్తాను, బస్తాకు ఇంత ఇవ్వాలి అని. తీరా కళ్లం నాటికి ధర బాగా పెరిగింది. మాట తప్పలేదు, పాత ధరకే కాటా వేయించాడు. బస్తాకు అంత పోయిందే అని మా అమ్మ చాన్నాళ్లు బాధపడింది. నాయన ఒకటే అన్నాడు: "పెండ్లి నాటికి దుడ్లు అందినాయి గదా. ధర పడిపోయింటే ఎవరి కాళ్లు పట్టుకుందుము?"

మా నాయన ఆ ఏడు జూదం ఆడాడా? ఆడలేదు. బేరం చేసుకోకుండా, ధర ఎటు పోతుందో చూద్దామని కూర్చుని ఉంటే అది జూదానికి దగ్గరగా ఉండేది. ఆయన పెరుగుదల ఆశను వదులుకుని, పతనం భయాన్ని పోగొట్టుకున్నాడు. పెద్ద కంపెనీల వాళ్లు హెడ్జింగ్, అంటే కంచె వేసుకోవడం, అని పిలిచేది దీన్నే. దానికి వాళ్లు వాడే ఒప్పంద పత్రాలను డెరివేటివ్‌లు అంటారు. పేరు కొత్తగా ఉంది గానీ అర్థం కష్టం కాదు. శనగ బస్తాకు ఒక విలువ ఉంది. ఆ బస్తాను ఫలానా రోజు ఫలానా ధరకు ఇస్తానని రాసుకున్న కాగితానికి ఆ బస్తా వల్లనే విలువ వచ్చింది. బస్తా ధర మారితే కాగితం విలువా మారుతుంది. అలా ఇంకొకదాన్నుంచి విలువ తెచ్చుకునే కాగితమే డెరివేటివ్.

ఇప్పుడు మన తెలుగు నేల మీది పెద్ద తయారీ కంపెనీని చూద్దాం. 1984లో డాక్టర్ కల్లం అంజిరెడ్డి హైదరాబాదులో మొదలుపెట్టిన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్. బాచుపల్లిలో, విశాఖ దగ్గర దువ్వాడలో, శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో దాని ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ పనిచేసే వాళ్ల జీతాలు రూపాయల్లో, కరెంటు బిల్లు రూపాయల్లో. కానీ అక్కడ తయారైన మందులకు అన్నిటికంటే పెద్ద మార్కెట్టు ఉత్తర అమెరికా. 2001 ఏప్రిల్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో దాని షేర్లు నమోదయ్యాయి. అంటే ఖర్చు రూపాయల్లో, రాబడి డాలర్లలో, రష్యాలో అమ్మితే రూబుళ్లలో, జర్మనీలో అమ్మితే యూరోల్లో. మందు బాగా తయారుచేసినా, బాగా అమ్మినా, డబ్బు చేతికొచ్చే రోజున డాలరు పడిపోతే లాభం పలచబడుతుంది. మందు నాణ్యతకూ డాలరు ధరకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఒకదాని ఫలితం ఇంకొకదాని చేతిలో ఉంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక కంపెనీ కోటి డాలర్ల మందులు ఓడెక్కించింది. డబ్బు ఆర్నెల్లకు వస్తుంది. ఇవాళ డాలరు 83 రూపాయలు. అంటే చేతికి రావాల్సింది 83 కోట్లు. ఆర్నెల్లకు డాలరు 79కి దిగితే 4 కోట్లు గాలికి పోయినట్టే. 88కి ఎక్కితే 5 కోట్లు ఉత్తపుణ్యానికి వచ్చినట్టు. కంపెనీ బ్యాంకు దగ్గరికి వెళ్లి, ఆర్నెల్ల తర్వాత నాకు వచ్చే కోటి డాలర్లను ఇప్పుడే మీకు అమ్ముతున్నాను, ధర చెప్పండి అంటుంది. బ్యాంకు 83 రూపాయల 80 పైసలు అంటుంది. ఇదే ఫార్వర్డ్ కాంట్రాక్టు. మా నాయన చేసుకున్న బేరం అచ్చంగా ఇదే.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. బ్యాంకు 83.80 ఎందుకంది? డాలరు పెరుగుతుందని జోస్యం చెప్పిందా? లేదు. బ్యాంకు ఇవాళే కోటి డాలర్లు అప్పు తెచ్చి, రూపాయల్లోకి మార్చి, ఆర్నెల్లు వడ్డీకి వేస్తుంది. ఇక్కడ వడ్డీ ఏడాదికి 7 శాతం, అమెరికాలో 5 శాతం అనుకుంటే, తేడా ఏడాదికి 2 శాతం, ఆర్నెల్లకు ఒక శాతం. 83 రూపాయల మీద ఒక శాతం అంటే సుమారు 80 పైసలు. పప్పుశనగను గోదాములో పెట్టి ఆర్నెల్ల తర్వాత ఇస్తాననే వ్యాపారి గోదాము బాడుగ, పెట్టుబడి మీద వడ్డీ కలిపి ధర చెబుతాడే, అలాంటి లెక్క. ఫార్వర్డ్ ధరను భవిష్యత్తు ధరగా చదివేవాళ్లు పత్రికల్లో కూడా కనిపిస్తుంటారు. అది పొరపాటు.

ఈ లెక్క తెలిస్తే రష్యా సంగతి అర్థమవుతుంది. మన హైదరాబాదు మందుల్లో ఓమెజ్, నైస్, కెటొరాల్ రష్యాలో ఇంటింటి పేర్లు. 2014 మధ్యలో డాలరుకు 35 రూబుళ్ల లోపు ఉండేది. ముడిచమురు ధర కూలింది, ఆంక్షలు వచ్చాయి. ఆ డిసెంబరు 16న ఆ దేశపు కేంద్ర బ్యాంకు రాత్రికి రాత్రి వడ్డీని పదిన్నర నుంచి 17 శాతానికి పెంచినా, రూబుల్ డాలరుకు 80 దాకా జారింది. మాస్కోలో అదే మందు అదే ధరకు అమ్ముడుపోతోంది, హైదరాబాదుకు వచ్చే రూపాయలు మాత్రం సగానికి దగ్గరగా తగ్గుతున్నాయి. మరి ముందే బేరం చేసి పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. కానీ రష్యాలో వడ్డీ ఎక్కువ కాబట్టి, ఇందాకటి లెక్క ప్రకారం రూబుల్ ఫార్వర్డ్ ధర అప్పటికే బాగా తక్కువగా ఉంటుంది. కంచె వేయించడానికే పొలంలో పండినదాంట్లో పెద్ద భాగం పోతుందన్నమాట. అందుకే ఏ కంపెనీ అయినా అన్ని కరెన్సీలకూ ఒకే కొలతలో రక్షణ కొనదు.

వెనిజులాలో అయితే కంచె వేసే దారే లేకపోయింది. అక్కడ అత్యవసర వస్తువుల దిగుమతికి ప్రభుత్వం డాలరుకు 6.3 బొలివార్లనే ప్రత్యేక ధర పెట్టింది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. చమురు ధర పడ్డాక ఆ ధరకు ప్రభుత్వం డాలర్లు విడుదల చేయడం దాదాపు ఆగిపోయింది. మందులు అమ్ముడై, బొలివార్లు చేతికొచ్చి, దేశం దాటలేక అక్కడే ఉండిపోయాయి. 2016 మార్చిలో ప్రత్యేక ధరను 10 బొలివార్లకు మార్చారు. ఆ మార్చితో ముగిసిన త్రైమాసికంలో డాక్టర్ రెడ్డీస్ వెనిజులా బాకీలను పద్దుల్లోంచి తగ్గించి రాసుకోవాల్సి వచ్చింది, లాభం బాగా పడిపోయింది. కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ ఉన్న సంతలోనే ముందస్తు బేరం కుదురుతుంది. ఎదుటి మనిషే లేని చోట డెరివేటివ్ ఉండదు. అలాంటి చోట రక్షణ అంటే అరువు తగ్గించుకోవడం, సరుకు తక్కువ పంపడం, అంతే.

ఫార్వర్డ్ తర్వాత ఆప్షన్. దీనికి మన సంచకారం చక్కగా సరిపోతుంది. పొలం కొనేవాడు ధర ఖాయం చేసుకుని, కొంత సొమ్ము సంచకారంగా ఇస్తాడు. గడువులోపు మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషను చేయించుకోవచ్చు. వద్దనుకుంటే సంచకారం వదులుకుని వెళ్లిపోవచ్చు. అమ్మేవాడికి మాత్రం మాట మార్చే వీలు లేదు. ఆప్షన్‌లో కూడా ఒకరికి హక్కు, ఇంకొకరికి బాధ్యత. ఆ హక్కుకు కట్టేది ప్రీమియం. ఇందాకటి కంపెనీ, ఆర్నెల్ల తర్వాత 83 రూపాయలకు డాలరు అమ్మే హక్కును కొనుక్కుందనుకోండి. డాలరు 79 అయితే హక్కు వాడుకుని 83కే అమ్ముతుంది. 88 అయితే ప్రీమియం పోతే పోయిందని, బయట 88కి అమ్ముకుంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రభుత్వం ప్రకటించే మద్దతు ధర స్వభావంలో ఇలాంటిదే. 2025లో మార్కెట్టుకు వచ్చిన పప్పుశనగకు క్వింటాలుకు 5,650 రూపాయలు ప్రకటించారు. బయట ధర ఎక్కువుంటే రైతు బయట అమ్ముకుంటాడు, తక్కువుంటే ఆ ధరకు అమ్మే హక్కు ఉంటుంది. దాని ప్రీమియం రైతు కట్టడు, ప్రభుత్వ ఖజానా కడుతుంది. కొనుగోలు కేంద్రం వేళకు తెరిచి, తెచ్చిన సరుకంతా తీసుకున్నప్పుడే అది నిజమైన హక్కు. మా వైపు రైతు మద్దతు ధర గురించి మాట్లాడేటప్పుడు కేంద్రం ఎప్పుడు తెరుస్తారని ముందడగడం ఇందుకే. ఆయన ఆప్షన్ల పుస్తకం చదవకపోయినా అసలు విషయం పట్టుకున్నాడు.

మూడోది స్వాప్, అంటే మార్పిడి. మన సీమలో పొలం గుత్తకూ ఇస్తారు, కోరుకూ ఇస్తారు. గుత్త అంటే పంట పండినా ఎండినా ఏడాదికి ఇంత అని ఖాయం. కోరు అంటే పండినదాంట్లో వాటా, ఒక్కో ఏడు ఒక్కో రకం. ఇద్దరు రైతులున్నారు. ఒకడికి గుత్త పొలం దొరికింది, వాడికేమో కోరు ఇష్టం. ఇంకొకడికి కోరు పొలం దొరికింది, వాడికి ఖర్చు ముందే తెలియాలి. పొలాలు మార్చుకోనక్కర్లేదు, చెల్లింపులు మార్చుకుంటే చాలు. కంపెనీలు అప్పుల మీద చేసేది ఇదే. విదేశీ అప్పుల వడ్డీ చాలాసార్లు ప్రతి మూడు నెలలకో ఆరు నెలలకో మారుతుంది. ఒకప్పుడు లండన్ లైబార్ రేటును బట్టి మారేది. డాలరు లైబార్ 2023 జూన్ నెలాఖరుతో ఆగిపోయింది, ఇప్పుడు అమెరికా సోఫర్ రేటును బట్టి మారుతోంది. ఫ్యాక్టరీ కట్టడానికి ఏడేళ్లకు అప్పు తెచ్చిన కంపెనీకి ఆ ఊగిసలాట పడదు. బ్యాంకుతో స్వాప్ చేసుకుని, మారే వడ్డీని ఖాయపు వడ్డీగా మార్చుకుంటుంది.

డెరివేటివ్ ఒక్కటే మందని నేను చెప్పడం లేదు. కంపెనీలో అనుభవమున్న ఖజానా అధికారి మొదట ఇంటి లెక్క చూసుకుంటాడు. డాలర్లలో రాబడి ఉన్న కంపెనీ చైనా నుంచి ముడిసరుకు డాలర్లలోనే కొంటే ఆ మేరకు రెండూ చెల్లుకుంటాయి. మిగిలిన నికరానికే బేరం చేస్తే చాలు. అప్పు కూడా రాబడి వచ్చే కరెన్సీలోనే తెచ్చుకుంటే, రాబడితోనే అప్పు తీరుతుంది. మన టోల్‌గేటు దాటి పోయే బ్యాటరీలనే తీసుకోండి. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా వాళ్లు చేసే బ్యాటరీలో పెద్ద ఖర్చు సీసం. సీసం ధర లండన్ మెటల్ ఎక్స్ఛేంజీలో డాలర్లలో పలుకుతుంది. అంటే సీసం పెరిగినా దెబ్బే, డాలరు పెరిగినా దెబ్బే. వాహన కంపెనీలకు బ్యాటరీలు ఇచ్చేటప్పుడు, సీసం ధర మారితే బ్యాటరీ ధర కూడా కొంత ఆలస్యంగా మారేటట్టు ఒప్పందంలోనే రాసుకోవడం ఆ పరిశ్రమలో రివాజు. పాత బ్యాటరీల నుంచి సీసం తీసే ప్లాంటును తమిళనాడు చెయ్యారులో పెట్టుకోవడం కూడా ముడిసరుకు భద్రతలో భాగమే. కాంట్రాక్టులో ఒక వాక్యం, ఫ్యాక్టరీ ఆవరణలో ఒక కొలిమి. ఇవి కూడా కంచెలే.

ఇప్పుడు పెదనాయన అడిగిన ప్రశ్నలో అసలైన చోటుకు వచ్చాం. కంచె ఎక్కడ జూదమవుతుంది?

2007లో మన రూపాయి బలపడింది. ఏడాది మొదట్లో 44 దాకా ఉన్న డాలరు ఏడాది చివరికి 39కి దిగింది. ఎగుమతిదారులు బెంబేలెత్తారు. డాలరు ఇంకా పడుతుందన్న భయంతో చాలామంది రెండేళ్లు, మూడేళ్ల తర్వాత రాబోయే డాలర్లను కూడా ముందే అమ్ముకున్నారు. కొందరు ప్రీమియం కట్టడం దండగనుకున్నారు. ఖర్చు లేని కాంట్రాక్టులని బ్యాంకుల వాళ్లు తెచ్చిన కాగితాల మీద సంతకం పెట్టారు. ఖర్చు ఎందుకు లేదు? ఒక చేత్తో హక్కు కొని, రెండో చేత్తో బ్యాంకుకు హక్కు అమ్మారు కాబట్టి. సంచకారం కట్టకుండా ఉండటానికి తామే ఇంకొకరి సంచకారం తీసుకున్నారు. తీసుకున్నవాడికి బాధ్యత ఉంటుందని ఇందాక చెప్పుకున్నాం. తమ వ్యాపారంలో ఎక్కడా లేని స్విస్ ఫ్రాంకు మీద, జపాను యెన్ మీద కూడా కాంట్రాక్టులు రాసుకున్నారు. తిరుప్పూరులో బనియన్లు కుట్టి ఎగుమతి చేసేవాళ్లకు స్విట్జర్లాండు డబ్బుతో ఏం పని?

2008 చివరికి గాలి తిరిగింది. డాలరు 50కి ఎక్కింది. 40కీ 41కీ అమ్ముతామని రాసిచ్చినవాళ్లు గింజుకున్నారు. చాలా కేసులు కోర్టులకెక్కాయి. అంతకు ముందే కోయంబత్తూరుకు చెందిన రాజశ్రీ షుగర్స్ కంపెనీ, డాలరు-స్విస్ ఫ్రాంకు కాంట్రాక్టు విషయంలో యాక్సిస్ బ్యాంకు మీద మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. ఇది పందెం, పందెపు ఒప్పందం చట్టం ముందు చెల్లదు అని వాదించింది. 2008లో హైకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. ఆ ఒప్పందం పందెం కాదంది. 2011 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు డెరివేటివ్ నిబంధనలు పాటించనందుకు 19 బ్యాంకులకు జరిమానా వేసింది. అమ్మినవాళ్లదీ తప్పుందని అధికారికంగా తేలిన రోజది.

కోర్టు మాట కోర్టుది. నా కొలబద్ద మాత్రం చాలా చిన్నది. చేతిలో సరుకుందా? రాబోయే డాలరుందా? ఉన్నంత మేరకే బేరమా? మా నాయన 40 బస్తాల పంటకు 30 బస్తాల బేరం చేసి ఉంటే అది రక్షణ. 40 బస్తాల పంట పెట్టుకుని 100 బస్తాలు ఇస్తానని రాసిస్తే, ధర పెరిగిన రోజున మిగతా 60 బస్తాలు సంతలో కొని ఇవ్వాలి. పొలం అమ్ముకోవాల్సిందే. అందుకే బుద్ధి తెలిసిన కంపెనీ తనకొచ్చే డాలర్లన్నిటినీ ఒకేసారి ముందే అమ్మదు. ఆర్డరు రద్దు కావచ్చు, ఫ్యాక్టరీకి అనుమతి ఆగిపోవచ్చు, సరుకు వెనక్కి రావచ్చు. దగ్గరి నెలలకు ఎక్కువ, దూరపు నెలలకు తక్కువ, విడతలు విడతలుగా బేరం కుదుర్చుకుంటుంది. రిజర్వు బ్యాంకు కూడా 2024 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వులో ఎక్స్ఛేంజీలో రూపాయి కాంట్రాక్టులు చేసే ప్రతివాళ్లకూ వెనక నిజమైన విదేశీ మారక లావాదేవీ ఉండి తీరాలని స్పష్టం చేసింది. అది ఆ మే 3 నుంచి అమలైంది. టీ కొట్టు దగ్గర మా పెదనాయన అడిగిందీ, బొంబాయిలో రిజర్వు బ్యాంకు అడిగిందీ ఒకటే ప్రశ్న.

కంపెనీల పద్దులు చదివేవాళ్లకు చిన్న మనవి. డాలరు పెరిగిన ఏడు, ఫలానా కంపెనీకి హెడ్జింగ్‌లో ఇన్ని కోట్ల నష్టం అని వార్త వస్తుంది. దాన్ని ఒంటరిగా చదవకండి. కాంట్రాక్టులో పోయింది, అదే సమయంలో మందుల అమ్మకంలో ఎక్కువ రూపాయలై తిరిగొచ్చింది. మా అమ్మ బస్తాకు పోయిన సొమ్మే లెక్కపెట్టుకుంది, వేళకు జరిగిన పెండ్లిని ఆ లెక్కలో వేయలేదు. అందుకే డాక్టర్ రెడ్డీస్ లాంటి కంపెనీలు, ఇంకా జరగని అమ్మకాల కోసం చేసుకున్న కాంట్రాక్టుల లాభనష్టాలను వెంటనే లాభాల ఖాతాలో కలపకుండా హెడ్జింగ్ రిజర్వు అని వేరే అరలో ఉంచి, ఆ అమ్మకం జరిగిన నాడు రెండిటినీ కలిపి చూపుతాయి.

ఈ విద్య కంపెనీలు కనిపెట్టింది కాదు. పుట్టిందే ధాన్యపు సంతలో. 1730లో జపానులోని ఒసాకాలో దోజిమా బియ్యపు సంతకు అక్కడి ప్రభుత్వం అనుమతినిచ్చింది. 1848లో అమెరికాలో గోధుమ, మొక్కజొన్న వ్యాపారుల కోసం షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఏర్పడింది. మన దేశంలో 1875లో బొంబాయి కాటన్ ట్రేడ్ అసోసియేషన్‌తో పత్తి ఫ్యూచర్స్, అంటే ఎక్స్ఛేంజీలో జరిగే ముందస్తు బేరాలు, మొదలయ్యాయి. ఆ కాలంలో మన నంద్యాల లోయ పత్తికి మద్రాసు వ్యాపారంలో నార్తర్న్స్ అని ప్రత్యేకమైన పేరుండేది. మన నల్లరేగడిలో పండిన పత్తికి సముద్రం అవతలి మిల్లుల గిరాకీయే ధర కట్టేది. ఆ ధరల ఊపులోంచి పుట్టిన సాధనం తర్వాత నగరాలకు పోయి, డాలరుకు, వడ్డీకి, సీసానికి పనికొచ్చింది. పండించేవాడి చేతిలో మాత్రం నిలవలేదు.

ఎంతగా నిలవలేదో చూడండి. 2003లో ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజీ వచ్చాక పప్పుశనగకు ఫ్యూచర్స్ మార్కెట్టు తెరుచుకుంది. నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్లు నంద్యాల శనగ-1, యంత్రంతో కోయడానికి వీలైన ధీర లాంటి రకాలు ఇచ్చారు. పండించడంలో మనం ముందుకు వెళ్లాం. అమ్ముకోవడంలో మాత్రం కోల్డు స్టోరేజీలో బస్తాలు పెట్టి, ధర కోసం దేవుడి మీద భారం వేసే పద్ధతే మిగిలింది. నిల్వ చేసినవాళ్లు ధర పడి వడ్డీలో మునిగిన ఏళ్లు మన వైపు అందరికీ గుర్తే. ఇంతలో 2021 ఆగస్టులో శనగలో కొత్త కాంట్రాక్టులు ఆపారు. అదే ఏడు డిసెంబరు 20న మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఏడు సరుకుల డెరివేటివ్‌లను ఏడాది పాటు నిలిపింది. అందులో శనగ ఉంది, బాస్మతి కాని వడ్లు ఉన్నాయి, గోధుమ, పెసలు, ఆవాలు, సోయా, ముడి పామాయిలు ఉన్నాయి. ఆ గడువును తర్వాత మళ్లీ మళ్లీ పొడిగించారు. ధరలు పెరుగుతున్నాయి, స్పెక్యులేషన్, అంటే సరుకు లేకుండా ధర మీద కాసే పందెం, ఆగాలి అన్నది ఆ ఆలోచన. తినేవాడి బాధ నిజమే, కాదనను. కానీ డాలరు మీద స్పెక్యులేషన్ జరిగితే సరుకున్నవాడిని ఉంచి, లేనివాడిని బయటికి పంపారు. శనగ విషయంలో సరుకున్నవాడినీ లేనివాడినీ ఒకే గేటు దగ్గర నిలిపేశారు. ఇది సరికాదని నా నిశ్చితాభిప్రాయం. హైదరాబాదు మందుబిళ్లకు ఉన్న కంచె ఆళ్లగడ్డ శనగకు ఎందుకు ఉండకూడదు?

పసుపు మాత్రం ఆ ఏడింటి జాబితాలో లేదు. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్‌కు నిజామాబాదు ధర ఆధారం. ఒక్కో కాంట్రాక్టు 5 టన్నులు. చాగలమర్రి, ఆళ్లగడ్డ, మైదుకూరు వైపు పసుపు వేసే రైతులారా, మీకు నాదొక విన్నపం. సెల్‌ఫోన్‌లో ఎవరో పంపిన చిట్కా చూసి ఒంటరిగా ఈ సంతలోకి దిగకండి. ధర మీకు ఎదురు తిరిగిన రోజు సాయంత్రానికే మార్జిన్ డబ్బు, అంటే ఎక్స్ఛేంజీలో హామీగా ఉంచే సొమ్ము, కట్టమంటారు, పసుపు ఇంకా పొలంలోనే ఉంటుంది. నిజామాబాదు ధర, కడప యార్డు ధర ఒకటే తీరుగా నడవని రోజులూ ఉంటాయి. ఈ రెండు సంగతులూ తెలియకుండా అడుగు వేయొద్దు. మీ రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే ఈ పంటకు ముందే ఒక సమావేశం పెట్టించండి. మన సంఘం సభ్యులందరి దగ్గరా కలిపి ఎన్ని టన్నుల పసుపు రాబోతోంది, అందులో ఎంతకు ముందే ధర కట్టుకోవాలి, మార్జిన్ సొమ్ము ఎక్కడిది అని మూడే మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు కాగితం మీద రాయించండి. పప్పుశనగ కాంట్రాక్టులను సరుకున్న రైతులకూ, వారి సంఘాలకూ తెరవమని సెబీకి అర్జీ రాస్తే, అందులో మొదటి సంతకం నాది.

పెదనాయనా, ఇంట్లో రేడియో దగ్గర కూర్చుని వింటుంటావు. మొన్న నీకు చెప్పలేకపోయిన జవాబు ఇది. రేపు సాయంత్రం టీ కొట్టు దగ్గరికి వస్తాను, ఈసారి గుత్త చీటీ, కోరు చీటీ రెండూ పట్టుకుని రా.